ఆదివారం సుస్తీ

చివరి రోజు పొద్దున నా భార్య కళ్ళు తెరిచి, "సుస్తీగా ఉందండీ" అంది. నేను వెళ్ళి టీ పెట్టి తెచ్చాను.

మా ఇంట్లో ఆ మాటకు టీ తెమ్మని అర్థం. అది పర్షియన్ నుంచి వచ్చిందనీ, అక్కడ బద్ధకాన్ని అలా అంటారనీ పెళ్ళయిన కొత్తలో ఆమెకు చెప్పాను.

"ఈ సంగతి ముందే చెప్పొద్దూ! జ్వరం వచ్చేదాకా ఆగాను, పిచ్చిమొహాన్ని" అంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆమెకు సుస్తీయే. ఒక్కోసారి నేనే ముందు అనేసేవాణ్ణి. "అమ్మో, దొంగ సుస్తీ!" అని తిడుతూనే లేచి వంటింట్లోకి వెళ్ళేది. ముందు అన్నవాళ్ళకు పక్క మీదికే టీ వచ్చేది.

ఆ చివరి రోజు రెండు చెంచాలు తాగగలిగింది. "రేపు మీరు అనండి, నేను పెడతాను" అంది. మధ్యాహ్నానికి పోయింది.

ఇవాళ సాయంత్రం నుంచి నాకు ఒళ్ళు కాలిపోతోంది. మా అమ్మాయి ఫోన్ చేసి, "గొంతు అలా ఉందేం నాన్నా, సుస్తీ చేసిందా?" అని అడిగింది.

"లేదమ్మా. ఒట్టి జ్వరమే" అన్నాను.

రేపు పొద్దున లేచి, టీ నేనే పెట్టుకుంటాను.