హైలైట్ గోడ

ఆ ఏడు సాలూరులో కాస్త కలిగినవాళ్లందరికీ ఇంటి పిచ్చి పట్టుకుంది. నిక్షేపంలాంటి గచ్చు పగలగొట్టి టైల్స్ వేయించారు. వాటి మీద ముందుగా జారిపడ్డదీ వేయించినవాళ్లే. నెత్తిన స్లాబు ఉండగానే దాని కింద ఇంకో ఉత్తుత్తి కప్పు కట్టించారు. లారీల జగన్నాథరావు భార్య గాయత్రి మాత్రం ఎవరికి తీసిపోయింది? విశాఖపట్నం నుంచి మణిదీప్ అనే ఇంటీరియర్ డిజైనర్‌ని పిలిపించింది.

హాలంతా అయిపోయింది. సోఫాకి ఎదురుగా ఒక్క గోడ మిగిలింది.

అందరి ఇళ్లలోనూ అలాంటి గోడ మీద పెద్దల ఫోటోలుంటాయి. గాయత్రి ఇంట్లో అత్తమామలది ఒక్కటే ఉండేది. "మీ అమ్మానాన్నలది ఒక్క ఫోటో కూడా లేదేటండీ?" అని కిందటిసారి పేరంటంలో ఎదురింటి సుమ అందరి ముందూ అడిగేసింది. చిన్నప్పుడే పోయారని చెప్పి తప్పించుకుంది గాయత్రి. తల కొట్టేసినట్టయింది. మళ్లీ శ్రావణ శుక్రవారం వస్తోంది. వాళ్లంతా వస్తారు. ఈసారి ఆ గోడ చూసి ఎవరూ ఏమీ అడగకూడదు. ఆమెకి కావలసింది అదొక్కటే.

"దీన్ని హైలైట్ గోడ చేద్దాం మేడమ్," అన్నాడు మణిదీప్. "ఇప్పుడు వైజాగ్‌లో అందరూ సవర గిరిజనుల బొమ్మలు వేయిస్తున్నారు. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి బొమ్మలు. సీతంపేట కొండల మీంచి మంచి పనివాణ్ని తీసుకొస్తాను."

గాయత్రి వద్దంది. టెక్స్చర్ పెయింట్ చాలంది.

"అది పాతబడిపోయింది మేడమ్."

ఆ మాటతో ఆమె ఒప్పేసుకుంది.

గోడకి ఎర్ర రంగు పడింది. గురువారం పొద్దున మణిదీప్ ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పేరు బుధు. మోకాళ్ల దాకా పంచె, భుజాన తువ్వాలు. కాళ్లకి చెప్పుల్లేవు. గేటు దగ్గర ఆయన్ని చూడగానే గాయత్రి రెండడుగులు వెనక్కి వేసింది. నుదుటి పచ్చబొట్టుని కప్పిన పెద్ద స్టిక్కరు బొట్టు సరిగ్గా ఉందో లేదో తడిమి చూసుకుని, మణిదీప్‌ని పక్కకి పిలిచింది.

"ఇంకెవరూ దొరకలేదా?"

"టైల్స్ గురించి బెంగపడకండి మేడమ్, నేను తుడిపిస్తాను."

ముసలాయన పాదాలు గోనెపట్టా మీద ఒకటికి రెండుసార్లు రుద్దుకుని లోపలికొచ్చాడు. గాయత్రి మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"దండాలమ్మగోరూ."

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. వంటింట్లోకి వెళ్లి, రాత్రే నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి గిన్నెలో తెచ్చింది. మణిదీప్ ఆశ్చర్యపోయాడు.

"బియ్యప్పిండితో వేస్తారని మీకెలా తెలుసు మేడమ్?"

"టీవీలో చూశాను."

వింత చూడటానికి సుమ కూడా వచ్చి కూర్చుంది. ముసలాయన వెదురుపుల్ల కొస నమిలి కుంచె చేసుకున్నాడు. గోడ ముందు నిలబడ్డాడు గానీ చెయ్యి ఎత్తలేదు.

"బేగి కానీ తాతా, ఏటాలోసిత్తన్నావు?" అంది సుమ.

"ఊరికే రాయకూడదమ్మా. మావోలు పోయినోల కోసం రాత్తారు. ఇది ఆలకి ఇల్లు. ఎవుల పేరు మీద రాయాల?"

"ఎవరి పేరైతే ఏంటి? మాకు బొమ్మ ముఖ్యం," అన్నాడు మణిదీప్.

"అమ్మగోరు సెప్పాల."

"మా ఇంట్లో పోయినవాళ్లెవరూ లేరు," అంది గాయత్రి గబుక్కున.

సుమ ఆమె వైపు తిరిగింది. "అదేటండీ? మీ అమ్మానాన్నా సిన్నప్పుడే పోయారన్నారు గదా?"

ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. గాయత్రి టైల్స్ వంక చూస్తూ చెప్పింది.

"అవును. పోయారు."

"మీ నాయిన పేరేటమ్మా?" ముసలాయన మెత్తగా అడిగాడు.

"గుర్తు లేదు."

అనేశాక ఆమెకి ఉన్నచోటే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"పరవానేదమ్మగోరూ. మా ఇంట పోయినోలున్నారు. ఆల పేరు మీదే రాత్తాను."

మధ్యాహ్నం ఆయనకి పెరట్లో విస్తరి వేయించింది. లోపల కొత్త డైనింగ్ టేబుల్ ఖాళీగానే ఉంది. ఆయన మెతుకు వదలకుండా తిని విస్తరి తనే ఎత్తాడు. కిటికీలోంచి చూసిన గాయత్రికి తన మీద తనకే రోత పుట్టింది. అయినా బయటికి రాలేదు.

పొద్దువాలేసరికి గోడ నిండింది. చదరంగా ఇల్లు. దాన్నిండా చెట్లు, నెమళ్లు, ఒక దువ్వెన, వరసకట్టి ఆడే మనుషులు. కింద మూల మాత్రం, నెత్తిన రేకుపెట్టెతో బస్సు వైపు నడిచిపోతున్న ఒక ఆడపిల్ల.

"ఇలాటి గోడ సాలూరులో ఎవలికీ లేదండీ," అంది సుమ. ఫోటోల సంగతి మళ్లీ ఎత్తలేదు. గాయత్రి కోరుకున్నదే జరిగింది. ఆమెకి మాత్రం ఆ మూల నుంచి కళ్లు తిప్పడం చేతకాలేదు.

మణిదీప్ గోడని కెమెరాలో పట్టుకుంటూ అడిగాడు. "ఇంతకీ ఎవరి పేరు మీద రాశావు తాతా?"

"నా కూతురు బాబూ. సుక్రి."

"అయ్యో. ఎప్పుడు పోయింది?"

"బతికే ఉందనుకున్నాను, ఇన్నాళ్లూ."

ముసలాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గాయత్రికి మళ్లీ దండం పెట్టి గేటు దాటాడు.

శుక్రవారం పుట్టిందని ఆయన పెట్టుకున్న సుక్రి అనే పేరును హాస్టల్ రిజిస్టర్లో కొట్టేయించి, గాయత్రి అని రాయించుకున్నది ఆమే.