జియాలజీ కావాలె

"డౌన్... డౌన్..."

పరశురాములు సార్ చెవులు మూసుకున్నాడు. "గిది నినాదమా, రేవతీ? దోమ గుయ్యిమన్నట్టున్నది. మల్లోపారి అను!"

లైబ్రరీ వెనక రేకుల షెడ్డు. ధర్నాకు ముందు అరవడం నేర్పుతున్నాడు సార్. చదువుకునే రోజుల్లో కరీంనగర్ రోడ్లన్నీ బంద్ చేయించిన మనిషి. జుట్టు నెరిసింది గానీ ఆ గొంతుకు ఇప్పటికీ మైకు అక్కర్లేదు.

యూనివర్సిటీ చిన్నది. తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. కామర్స్, సోషియాలజీ, బాటనీ ఉన్నాయి. చుట్టూ బొగ్గు నేల పెట్టుకుని ఆ నేల గురించి చెప్పే జియాలజీ పీజీ మాత్రం లేదు! ఫైలు హైదరాబాద్‌లో మూలుగుతోంది. ఈ ఏడు మంజూరు కాకపోతే రేవతి చదువు డిగ్రీతో సరి. దూరం పంపేది లేదని ఇంట్లో తేల్చి చెప్పేశారు.

"మీ బాపు దిగే గని గురించి నువ్వు సదువద్దా?"

"సదువాలె సార్."

"మరి ఒర్రు!"

"జియాలజీ కావాలె!" రేకులు అదిరాయి.

"శభాష్. ఇగ రెండోది."

రేవతి నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. "వీసీ... డౌన్ డౌన్."

పక్కనే ఉన్న సిద్ధు కిసుక్కుమన్నాడు.

"ఏందిరా నవ్వు? ధర్నాల నవ్వితె పెండ్లి బరాత్ అనుకుంటరు!"

"అది కాదు సార్," రేవతి గొణిగింది. "జియాలజీ అంటె ఎంతన్న ఒర్రుత. వీసీని అనాల్నంటె నోరు వస్తలే. పాపం, ఆయన జేసిందేముంది? ఫైలు పంపనే పంపిండాయె."

"పాపమా?" సార్ కస్సుమన్నాడు. "కుర్చీల కూసున్నోని మీద జాలేంది? ఉత్తరాలు రాసుకుంట కూసుంటె కోర్సు వస్తదా? పైనోళ్లకు లొల్లి ఇనవడాలె. సిగ్గు పక్కకు వెట్టి తిట్టు బిడ్డా!"

"మనసుల వెట్టుకుంటే?"

"వెట్టుకోడు. గ్యారంటీ నాది."

పది గంటలకు అందరూ గేటు ముందు బైఠాయించారు. సిద్ధు డప్పు అందుకున్నాడు. రేవతి కళ్లు గట్టిగా మూసుకుంది. బాపును తలుచుకుంది. గుండెల నిండా గాలి పీల్చింది.

"వీసీ డౌన్ డౌన్!"

రోడ్డు మీద బస్సు ఆగింది. జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ఆమె ఇక ఆగలేదు.

"సార్ ఎటువోయిండే?" డప్పు మోతలోనే అరిచాడు సిద్ధు.

రేవతి కళ్లు తెరిచి, గడ్డంతో ఆఫీసు బిల్డింగ్ పై అంతస్తు వైపు చూపించింది.

అక్కడ హైదరాబాద్ లైన్లో ఉన్న ఫోన్‌ను ఒక చేత్తో కిటికీ బయటికి చాచి, ఇంకా గట్టిగా ఒర్రమని రెండో చేత్తో సైగ చేస్తున్నాడు వీసీ పరశురాములు.