మూడో పాఠం

"మీ మూడో పాఠం విని ఒకాయన పంటంతా పోగొట్టుకున్నాడు. దీనికేమంటారు?"

హేమావతి ప్రశ్నకు దేవరాజ్ ముఖం కందగడ్డయింది. చింతామణిలోని ఒక ప్రైవేటు కాలేజీ నడిపే ఆన్‌లైన్ పట్టు పరిశ్రమ కోర్సుకు పాఠాలు చెప్పేది అతనే. ఆ కోర్సు ఉంచాలా, ఎత్తెయ్యాలా అని కాలేజీ తరఫున తేల్చడానికి వచ్చింది ఆమె. కోర్సు పోతే అతని కాంట్రాక్టు ఉద్యోగమూ పోతుంది.

"ఎవరంట ఆయన?"

"పాఠం కింద అభిప్రాయం రాసినాడు. పేరు లేదు, నంబరు మాత్రం ఉండాది. వినండి. 'నలభై ఏండ్లుగా పురుగులు మేపుతాండా. ఒక్క పూట కూడా మేత ఆపొద్దని పాఠంలో చెప్పినారు. జ్వరంలో ఉన్న పురుగుల మింద ఆకేసినా. అన్నీ కుళ్ళి చచ్చిపాయ. సారుది తప్పని కాదు, ఇంకెవురి పంటా పోకూడదని రాస్తాండా.'"

జ్వరమంటే పురుగు మేత మానేసి కుబుసం విడిచే సమయం. అప్పుడు ఆకు వెయ్యకూడదని పట్టుగూళ్ళకు పేరుపడ్డ శిడ్లఘట్ట చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాఠం చెప్పే సారుకు మాత్రం గుర్తు రాలేదు.

"పాఠం రాసే ముందర ఒక్కసారన్నా పురుగులింటికి పోయినారా?"

"పుస్తకాలు చూసి రాసినా మేడమ్. ఆ కంపు నాకు పడదు."

"అయితే తప్పు ఒప్పుకోండి."

"నేనెందుకు ఒప్పుకోవాల? ఎవుడో చేతగానోడు పంట పోగొట్టుకొని నా మింద రాస్తే, దానికి నా ఉద్యోగం తీస్తారా? వానికి ఫోన్ చేయండి. మీ ముందరే అడుగుతా."

"వద్దులే సార్. పాపం, పంట పోయినాయన."

"చేయండంటాండా కదా."

హేమావతి విసుగ్గా తన ఫోన్‌లో నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. అవతల ఎత్తారో లేదో, దేవరాజ్ విరుచుకుపడ్డాడు.

"ఏమయ్యా, నలభై ఏండ్లు పురుగులు మేపినోనివి, ఆ మాత్రం బుద్ధి లేదా? ఫోన్లో ఎవుడో చెప్తే జ్వరంలో ఆకేస్తావా? అన్నం తింటాండావా, గడ్డి తింటాండావా? నీలాంటోళ్ళకు పాఠం చెప్పడం మాదే తప్పు. ముందు ఆ రాసింది తీసెయ్."

హేమావతి కాల్ తెంపబోయింది.

"ఎవుడో చెప్పింటే ఇనేవాణ్ణి కాదు దేవరాజూ," అంది అవతలి ముసలి గొంతు. "చెప్పింది నా కొడుకని ఇన్నా."