మళ్లీ జ్వరం

"ఒక్క కేసైనా నన్ను వాదించనివ్వండి సార్," అని అడిగాను.

సీనియరు కాగితాల్లోంచి తలెత్తలేదు. "తొందరేముందమ్మాయ్? వెళ్లి ఆ ముసలావిడ ఇంటి కేసులో వాయిదా అడుగు. నాకు జ్వరమని చెప్పు."

మూడేళ్లలో ఆయనకు ఎన్ని జ్వరాలు తెప్పించానో నాకే గుర్తులేదు. ఆయన వాదనలన్నీ రాసిపెట్టేది నేనే. నోరు విప్పడానికి మాత్రం చిన్నపిల్లనట!

కోర్టులో నన్ను చూడగానే జడ్జిగారు నిట్టూర్చారు. "మళ్లీ జ్వరమేనా?"

వెనక బల్ల మీద ముసలావిడ అప్పుడే సంచీ సర్దుకుని లేవబోతోంది. ఆవిడకీ అలవాటైపోయింది.

"కూర్చోండి మామ్మగారూ," అని ఫైలు కట్టు విప్పాను.

"జ్వరం మా సీనియరుగారికండీ. నేను నిక్షేపంగా ఉన్నాను. వాదన మొదలుపెడతాను."