పదో తొర్ర

ఎండిపోయిన మద్దిచెట్టు మీద ఒక వడ్రంగిపిట్ట ఒంటరిగా ఉండేది. వేసవంతా ముక్కు అరిగేలా పొడిచి పది తొర్రలు తొలిచింది. పదోదాంట్లో తను పడుకుని, తొమ్మిదీ అద్దెకిచ్చింది. ఉడత చింతగింజలు దాచుకుంది. నెమలి రాలిన ఈకలు పెట్టుకుంది. గోరింక తన పాతగూటి పీచు తెచ్చి కుక్కింది. ఎందుకూ పనికిరాదు గానీ పారేయబుద్ధి కాలేదట.

అద్దె పున్నమికో పండు. చీమలు తినే పిట్టకు పండెందుకు? సామాను ఇక్కడుంటే సొంతదారులు వస్తూ పోతూ ఉంటారని దాని ఆశ.

పండ్లయితే వచ్చేవి. చెట్టు మొదట్లో పెట్టేసి వెళ్లిపోయేవారు.

"ఉడతమ్మా, ఓసారి పైకొచ్చి నీ గింజలు చూసుకోరాదూ?" అని పిట్ట ఓ రోజు పిలిచింది.

"ఎందుకు మామా? నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే!" అని ఉడత తోకూపుకుంటూ వెళ్లిపోయింది. అంత మంచి మాట విని పిట్ట రెండ్రోజులు తిండి మానేసింది.

వానలొచ్చాయి. పిట్ట తుమ్మజిగురు తెచ్చి తొమ్మిది తొర్రల పగుళ్లూ పూడ్చింది. పదోదాని దగ్గరికొచ్చేసరికి జిగురు అయిపోయింది.

"తొర్రలోకి నీళ్లొచ్చాయర్రా!" అని అరిచింది.

అందరూ పరిగెత్తుకొచ్చారు. ఎవరి తొర్ర వాళ్లు తడిమి చూసుకున్నారు.

"పొడిగానే ఉందిగా! ఊరికే హడలగొట్టావు మామా," అని నవ్వుకుంటూ దిగిపోయారు.

పదో తొర్రలోకి ఎవరూ తొంగిచూడలేదు. అందులో ఎవరి సామానూ లేదు మరి.