ఒక్కపూట నాయన

“తిట్టు మామా, ఎంతైనా తిట్టు. కొట్టడం మాత్రం వద్దు. ముందే చెప్తున్నా.”

“నీ యవ్వారం నాకు నేర్పొద్దు. నాయననన్నాక ఒకటైనా తగిలియ్యకపోతే ఆ సారు నమ్ముతాడా?” అంటూ ఓబులేసు టీ గిన్నెను పొయ్యి మీంచి దించాడు.

గిద్దలూరు రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న టీ బంకు అతనిది. ఎదురుగా నిలబడి బతిమాలుతున్న శివకృష్ణది డిగ్రీ మొదటి సెమిస్టరు. ఇంటర్‌లో గూడెం మొత్తానికి ఫస్టు వచ్చిన మొనగాడు. డిగ్రీ మొదటి మిడ్ పరీక్షలో లెక్కల్లో ఇరవై అయిదుకి నాలుగు, ఫిజిక్సులో ఆరు. ఇంగ్లీషు సంగతి అడగకపోవడమే మర్యాద. ఈ రోజు సాయంత్రంలోగా నాయన వచ్చి మార్కుల రిజిస్టరులో సంతకం పెట్టకపోతే సెమిస్టరు పరీక్షకు హాల్ టికెట్ ఇవ్వనని లెక్కల సారు ప్రభాకరరావు తెగేసి చెప్పాడు.

నాయననా? అంతకంటే పులి నోట్లో తల పెట్టడం నయం. పెద్దమల్లయ్య నల్లమలలో తేనె తీసే మనిషి. మాట కటువు, చెయ్యి ఇంకా కటువు. ఇంటర్‌లో ఒక్కరోజు కాలేజీ ఎగ్గొట్టి సినిమాకి పోయినందుకు కొడుకుని గూడెం పొడుగునా తరిమి తరిమి కొట్టాడు. డిగ్రీలో చేర్చిన రోజు కూడా ఆయన నోట వచ్చింది ఒకటే మాట.

“ఒక్కదాంట్లో తప్పినా సదువు బంద్. తాడు బుజానేసుకోని నా ఎనకాల అడివికి రావాల.”

అందుకే కాలేజీ నుంచి నాయన ఫోనుకి వచ్చిన మార్కుల మెసేజ్‌ని శివకృష్ణ ఆదివారం నాడే తుడిచేశాడు.

“మీ నాయన సంతకం ఎట్లుంటది?” అడిగాడు ఓబులేసు, ఉతికిన చొక్కా తొడుక్కుంటూ.

“సంతకం రాదు మామా. వేలిముద్రే.”

“థూ! ఎనిమిది సదివినోణ్ణి, నేను వేలిముద్రెయ్యాల్నా? సంతకమే పెడతా. ఇష్టముంటే రా, ల్యాకుంటే పో.”

“నీకు దండం పెడతా. ఏదో ఒకటి పెట్టు, రా!”

ఓబులేసు వస్తున్నది ప్రేమతో కాదు. తేనెలో బెల్లం పాకం కలిపి అమ్ముతున్నావని పోయినేడు పెద్దమల్లయ్య బంకు ముందే నలుగురిలో అతని పరువు తీశాడు. ఆ మంట ఇంకా ఆరలేదు. అలాంటివాడికి కొడుకు చెంప దొరికితే ఊరుకుంటాడా?

కాలేజీలో తన గదికి వచ్చిన ఓబులేసును ప్రభాకరరావు కింది నుంచి పైదాకా చూశాడు.

“ఎవరు?”

“మా నాయన సార్,” అన్నాడు శివకృష్ణ.

“పేరేంది?”

“పెద్దమల్లయ్య సార్,” ఓబులేసు గొంతు బొంగురు చేశాడు. “అడివిలో తేనె తీస్తా.”

సారు చూపు బల్ల మీదున్న తేనె సీసా మీదికి పోయింది. గిద్దలూరులో అలాంటి సీసా లేని ఇల్లెక్కడుంది!

“తేనె తీస్తావా? చేతుల మీద ఒక్క కాటు కూడా లేదే?”

ఓబులేసు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“ఈగలకు నేనంటే బయం సార్!”

“ఓహో. మెసేజ్ పంపినాం. పలకలేదని మొన్న ఫోన్ కూడా చేసినాం. అందలేదా?”

“అడివిలో సిగ్నలెక్కడిది సార్!”

“అవును మరి,” అన్నాడు సారు. “కొడుకు మార్కులు తెలుసా? లెక్కల్లో నాలుగు.”

ఓబులేసుకి కావలసింది ఇదే. గిర్రున తిరిగాడు.

“నాలుగా! ఓరి పనికిమాలినోడా, గొర్రెను కూసోబెట్టినా అయిదు తెచ్చేదిగదరా!” చెంప ఛెళ్లుమంది. శివకృష్ణ తేరుకునేలోగా రెండోది కూడా పడింది.

సారు బల్ల మీద గుద్దాడు. “ఆగవయ్యా! కన్న కొడుకుని ఎవరన్నా ఇట్ల కొడతారా?”

“కన్నోణ్ణి గాబట్టే కడుపు మండుతాంది సార్!”

శివకృష్ణ చెంప పట్టుకుని నేల చూపులు చూశాడు. కోపం ఓబులేసు మీద కాదు, నాయన మీద. ఆయన ఒక్కసారైనా మనిషిలాగా మాట్లాడి ఉంటే, ఈ టీ బంకోడి చేత తన్నులు తినే ఖర్మ పట్టేదా? ఛీ, అలాంటి నాయన ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపించింది.

“ఇట్ల చూడు,” అన్నాడు సారు. “ఇంటర్‌లో బట్టీ పట్టినట్టు ఇక్కడ పడితే నడవదు. రేపట్నుంచి సాయంత్రం క్లాసులైపోయినాక నా గదికి రా. పక్కన కూర్చోబెట్టుకుని చేయిస్తా. ఒక్కరోజు ఎగ్గొట్టినావో, హాల్ టికెట్ చించి పారేస్తా.”

శివకృష్ణ నమ్మలేకపోయాడు. పోయిన వారం ఇదే గదిలోంచి గెంటేసిన మనిషి ఇంతలా మెత్తబడ్డాడేమిటి? తిన్న దెబ్బలు ఊరికే పోలేదన్నమాట.

“మరి సంతకం సార్?” ఓబులేసు అప్పటికే జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. ఎనిమిదో తరగతి దాకా చదివిన చదువంతా ఆ పెన్ను మొనలో నిలబడింది.

సారు రిజిస్టరు తెరిచి శివకృష్ణ వైపు తోశాడు.

“యాడ పెట్టాల్నో మీ నాయనకు నువ్వే చూపించు.”

శివకృష్ణ పేర్ల వెంట వేలు జరుపుతూ పోయి తన పేరు దగ్గర ఆగాడు.

ఆ గడిలో నిన్నటి తేదీతో నాయన వేలిముద్ర ఉంది.