ఎనిమిది నిమిషాలు

బల్ల మీద మంచినీళ్ల గ్లాసు కనబడేసరికి కటింగ్ మాస్టరుకి ఒళ్లు మండిపోయింది.

బల్ల మీద నలభై పొరల తెల్లబట్ట పరిచి ఉంది. చేతిలో కత్తి మిషను తిరుగుతోంది. సాయంత్రం అయిదింటికి లారీ వస్తుంది, ఈలోగా మూడు వందల స్కూలు చొక్కాలకి బట్ట కోసి పంపాలి. నీళ్లు ఒలికాయంటే సుద్దగీతలు చెరిగిపోతాయి, తడిసిన బట్ట కత్తి కింద జారిపోతుంది.

"మళ్లీ ఎవరు పెట్టారిది?" అన్నాడు మిషను ఆపకుండానే.

"నేనే మాస్టరుగారూ. పొద్దుట్నుంచీ గొంతు తడుపుకోలేదు మీరు."

ఆ మాట అన్నది ఇస్త్రీ తాత. నెల క్రితమే పనిలో చేరాడు. తెల్లజుట్టు, వంగిన నడుం, పాలిపోయిన మొహం. షాపులో చిన్నా పెద్దా అందరూ తాతా అనే పిలిచేవారు. ఆయనా పలికేవాడు.

మాస్టరు నీళ్లు తాగనిది మరిచిపోయి కాదు, లెక్క ప్రకారం. బాత్రూం మూడంతస్తుల కింద ఉంది. దిగి, ఎక్కి వచ్చేసరికి ఎనిమిది నిమిషాలు. రోజుకి నాలుగుసార్లంటే అరగంట గోవిందా. తాగితేనే కదా దిగాల్సి వచ్చేది. ఇరవై ఏళ్లుగా ఆ అరగంటని అలా మిగుల్చుకుంటూ వస్తున్నాడు మహానుభావుడు. నడుం పట్టేస్తే నొప్పి మాత్ర వేసుకునేవాడు, అదీ గుటకెడు నీళ్లతో.

ఇంట్లో భార్య పోరుతూనే ఉండేది. ఆవిడకి ఎప్పుడూ ఒకటే జవాబు. ఇంకో అయిదేళ్లు ఇలా లాగేస్తే చాలు, ఆ తర్వాత బతుకంతా మనదే అనేవాడు. పెళ్లయిన కొత్తలో సముద్రం చూపించమని అడిగిందావిడ. అదీ ఆ అయిదేళ్ల తర్వాతి జాబితాలోకే వెళ్లింది.

తాత మాత్రం జిడ్డులా పట్టుకున్నాడు. గంటకోసారి గ్లాసు పెట్టేవాడు. మాస్టరు తోసేస్తే మళ్లీ పెట్టేవాడు. ఆ పోరు పడలేక నాలుగైదు సార్లు తాగాడు కూడా. తాగాక దిగక తప్పలేదు. ఎక్కి వచ్చేసరికి కుట్టేవాళ్లు, మాస్టరుగారికి కూడా కాళ్లున్నాయే అని నవ్వుకున్నారు. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఇవాళ లారీ రోజు. నవ్వులకి టైము లేదు.

"తీసెయ్ తాతా."

"రెండు గుక్కలు తాగండి, తీసేస్తా."

"లారీ వెళ్లాక తాగుతా."

"నిన్నా అదే అన్నారు. ఆ టైము దానంతటది రాదు మాస్టరుగారూ. మనమే తీసుకోవాలి."

తాత గ్లాసు అందించబోయాడు. మాస్టరు విసురుగా మోచేత్తో తోశాడు. గ్లాసు బట్ట మీద దొర్లింది.

కత్తి మిషను ఆగింది. కుట్టు మిషన్లూ ఆగిపోయాయి. నీళ్లు ఒక్కో పొరా దిగుతుంటే అందరూ గుడ్లప్పగించి చూశారు.

పొరలన్నీ తీసి, కొత్త బట్ట పరిచి, గీసి, కోసేసరికి ఏడైంది. లారీ సగం సరుకుతోనే వెళ్లిపోయింది. యజమాని పైకొచ్చి ఇది ఎవరి నిర్వాకమని అడిగాడు. తోసింది తన మోచెయ్యేనని మాస్టరుకి తెలుసు. తెలిసీ తాత వైపే చూపించాడు.

తాత ఇస్త్రీపెట్టె చల్లారేదాకా ఆగి, తీగ చుట్టి పెట్టాడు. వెళ్తూ వెళ్తూ మాస్టరు పాదాల వైపు చూశాడు.

"చెప్పులు బిగుతవుతున్నాయి మీకు. కాళ్లు వాస్తున్నాయేమో, ఎవరికైనా చూపించుకోండి."

"నీ పని నువ్వు చూసుకో."

"అది ఇప్పుడే పోయిందిగా," అని నవ్వి మెట్లు దిగాడు.

ఏడు నెలలకి మాస్టరు ఆ బల్ల పక్కనే కుప్పకూలాడు.

కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయన్నారు డాక్టరుగారు. ఆర్నెల్ల ముందు వచ్చుంటే మందులతో నెట్టుకొచ్చేవాళ్లమని, ఇప్పుడిక రక్తం శుభ్రం చేసే మిషనే గతి అని చెప్పారు. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. మాస్టరు లెక్కల్లో గట్టివాడు. వారానికి మూడు గంటలు మిగుల్చుకున్నందుకు, ఊపిరి ఉన్నన్నాళ్లూ వారానికి పన్నెండు గంటలు చెల్లించాలి. పక్కనే నిలబడ్డ భార్య మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. నాలుగు తిట్టినా బాగుండునని ఏడ్చాడాయన.

ఆ మిషను దొరకడమూ గగనమే అయింది. ఒక్క మంచమూ ఖాళీ లేదు. ఎవరిదైనా ఖాళీ అయ్యేదాకా ఆగాలన్నారు. తొమ్మిది రోజులు ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుంది భార్య. ఆయనకి పడుకుంటే ఊపిరాడటం లేదు. పదో రోజు పొద్దున పిలుపొచ్చింది.

సిస్టరు గొట్టాలు అమరుస్తుంటే భయం అణుచుకోవడానికి ఏదో ఒకటి మాట్లాడాలనిపించి, ఇంతకుముందు ఈ మంచం ఎవరిదని అడిగాడు.

"ఇస్త్రీ పని చేసుకునే ఆయనదండీ. నిన్ననే పోయాడు. ఎప్పుడూ పక్కవాళ్ల గురించే పాపం. మా షాపులో ఒక మాస్టరుగారున్నారు సిస్టర్, గంటకోసారి నీళ్లు తాగిస్తున్నా, ఇప్పుడిప్పుడే దారికొస్తున్నారు అని తెగ మురిసిపోయేవాడు. ఏమైందో, ఉన్నట్టుండి ఆ మాటే మానేశాడు."

మాస్టరు మంచం మీంచి లేవబోయాడు. కదలొద్దంది సిస్టరు.

"ఆ ముసలాయన పని నావల్లే పోయిందమ్మా," అన్నాడు.

"ముసలాయనేంటండీ?" అంటూ ఆవిడ మంచానికి ఇంకా వేలాడుతున్న పాత అట్ట తీసి చూపించింది.

ఆయన మొదటిసారి వచ్చిన రోజు రాసి ఆ అట్టకి పెట్టిన కాగితం మీద వృత్తి కటింగ్ మాస్టరు అని ఉంది, వయసు నలభై ఆరు, అంటే మాస్టరు కంటే ఏడేళ్లు చిన్న.